మలుపు కాడ ఒరుగుడు

చక్రాల మీద నడిచేది ఏదైనా మలుపులో ఒరగక తప్పదు. వరిగడ్డి బండి ఒరుగుతుంది, వడ్ల బస్తాలెత్తిన ట్రాక్టరు ట్రాలీ ఒరుగుతుంది, జనం నిండిన ఆర్టీసీ బస్సు ఒరుగుతుంది. గడ్డిబండి ఒరిగితే మా ఊళ్ళో ఎవరూ ఆశ్చర్యపోరు. తోలేవాడు కిందికి దిగి, ఎడ్ల ముకుతాళ్ళు పట్టుకుని మెల్లగా నడిపిస్తాడు, అంతే. కారు ఒరిగితే మాత్రం మనిషికి నామోషీ. డబ్బు పోసి కొన్న వస్తువు గడ్డిబండిలాగా ఒరగడమేమిటని కోపం వస్తుంది. ఆ కోపంతోనే మా పెదనాయిన కొడుకు, అంటే మా అన్న, నిరుడు ఎండకాలం సెలవుల్లో "కారుకు లావు స్టెబిలైజర్ రాడ్డు ఏయిస్త" అని ఇంట్లో ఒక ప్రతిపాదన పెట్టాడు. ఆ ప్రతిపాదన చుట్టూ మా ఇంట్లో నెలరోజులు జరిగిన చర్చే ఈ వ్యాసం. సైన్సు విద్యార్థి రాసిన వ్యాసం గనుక అక్కడక్కడ లెక్కలు తగులుతాయి. ఆర్ట్స్ మిత్రులు క్షమించి, వాటిని దాటి చదువుకోవచ్చు.

ముందు కారు సంగతి చెప్పాలి. మాది మారుతి ఎస్టీమ్. 1994లో మార్కెట్టులోకి వచ్చి, 2007లో తయారీ ఆగిపోయిన మోడలు. మా బండి 2006 నాటిది. నంబరు ఇప్పటికీ 'ఏపీ 24' అనే మొదలవుతుంది, అంటే ఉమ్మడి రాష్ట్రం నాటి నల్లగొండ జిల్లా బండి అన్నమాట. మూడు చేతులు మారి మా ఇంటికి వచ్చింది. పదిహేనేళ్ళు నిండినందుకు రిజిస్ట్రేషను మళ్ళీ ఐదేళ్ళకు పొడిగించి ఉంది. ఒకప్పుడు మన దేశపు ర్యాలీ పందాల్లో పరుగెత్తిన జాతి ఇది. ఒళ్ళు తేలిక, ఇంజను హుషారు. ఆ హుషారు మా అన్నకు గర్వం, మా అమ్మకు భయం.

ఇక మా దారి. 1967 ఆగస్టులో నాగార్జునసాగరు కాలువలకు నీళ్ళు వదిలిన నాటి నుంచి మా త్రిపురారం ప్రాంతం నీళ్ళను నమ్ముకుని బతుకుతున్నది. కాలువ ఎట్లా తిరిగితే చాలాచోట్ల రోడ్డు అట్లా తిరుగుతుంది. నీళ్ళకు ఏటవాలు కావాలి గాని తిన్నటి దారి అక్కర్లేదు. ఒక పక్క పొలం, ఒక పక్క కాలువ కట్ట, నడుమ డాంబరు, డాంబరుకు రెండు వైపులా మొలలోతు అంచు. అద్దంకి–నార్కట్‌పల్లి పెద్దరోడ్డు ఎక్కేదాకా ఇదే వరస. దానికి తోడు యాసంగి కోతలప్పుడు రోడ్డు సగం కల్లమే అవుతుంది. మిషను కోసిన పచ్చివడ్లు ఎక్కడో ఒకచోట ఆరాలి గదా. తేమ తగ్గకపోతే కొనుగోలు కేంద్రంలో కాంటా పెట్టరు. కల్లం లేనివాడికి డాంబరే కల్లం. వడ్ల చుట్టూ రాళ్ళు పేరుస్తారు, రాత్రయితే నల్ల టార్పాలిను కప్పుతారు. నల్లటి రోడ్డు మీద నల్లటి కుప్ప! ఆరబోసేవాళ్ళలో మేమూ ఉన్నాం గనుక ఎవరినీ తప్పు పట్టడానికి నాకు నోరు లేదు.

ఆ ఏప్రిల్‌లో ఒక రాత్రి అన్న, అమ్మ హైదరాబాదు ఆసుపత్రి నుంచి తిరిగి వస్తున్నారు. కాలువ కట్ట మలుపులో లైట్లకు కుప్ప కనపడేసరికి దగ్గరికి వచ్చేశారు. అన్న స్టీరింగు కుడికి కోసి, మళ్ళీ ఎడమకు కోశాడు. కారు ఒక వైపు ఒరిగి, తేరుకోకముందే రెండోవైపు ఒరిగింది. వెనక సీట్లో ఉన్న అమ్మ ఈ తలుపు దగ్గర నుంచి ఆ తలుపు దాకా జారిపోయింది, చేతిగాజులు పగిలాయి. ఎడమ చక్రాలు డాంబరు దిగి మట్టిలో ఆగాయి. కాలువ ఇంకా నాలుగడుగుల దూరం ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంటికి వచ్చి మంచినీళ్ళు తాగి అమ్మ ఒకటే మాట అన్నది: "ఇగ నేను బస్సులనే పోత." త్రిపురారంలో బస్సెక్కి, మిర్యాలగూడలో మారి, హైదరాబాదులో దిగి మళ్ళీ ఆటో. నెలకొకసారి నడుమునొప్పి మనిషికి ఆ ప్రయాణం. అన్న ఎంత బతిమిలాడినా కారెక్కలేదు.

అన్నకు అది పెద్ద దెబ్బ. తన డ్రైవింగు సంగతి ఎవరూ ఎత్తకపోయినా, అందరి మనసులో ఉన్నదేమిటో అతనికి తెలుసు. మిల్లు గుమాస్తా ఉద్యోగం కనుక పొద్దుపోయాక ఫోను చూసుకునే తీరిక ఉంది. అక్కడ ఎవరో పాతకార్లకు లావు రాడ్డులు బిగించి, మలుపుల్లో గోడలాగా నిలబడేట్టు చేసి చూపించారట. ముందూ వెనకా రెండు రాడ్డులు, బిగింపుతో కలిపి 18,000 రూపాయలు. "కారు ఒరగదు చిన్నాయినా, చిన్నమ్మకు భయం ఉండదు" అని మా నాయినను అడిగాడు. నాయిన వానాకాలం పెట్టుబడికి దాచిన డబ్బు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు.

"ఏమిరా, సైన్సు సదువుతున్నవు గద. గా రాడ్డు ఏస్తె మీ అమ్మ మళ్ళ కారెక్కుతదా?"

మూడేళ్ళ డిగ్రీలో నన్నెవరూ ఇంత కఠినమైన ప్రశ్న అడగలేదు.

స్టెబిలైజర్ రాడ్డు అంటే గొప్ప యంత్రమేమీ కాదు. కారు కింద ఈ చక్రం నుంచి ఆ చక్రానికి అడ్డంగా పోయే ఒక ఉక్కు కడ్డీ. రెండు కొసలూ వంగి చేతుల్లాగా ఉంటాయి. ఆ చేతులు చక్రాల దగ్గరి భాగాలకు తగిలి ఉంటాయి, నడిమి భాగం రబ్బరు బుష్‌లలో కారు ఒంటికి బిగించి ఉంటుంది. స్పీడుబ్రేకరు ఎక్కినప్పుడు రెండు చక్రాలూ కలిసి లేస్తాయి, కడ్డీ బుష్‌లలో ఊరికే తిరుగుతుంది, దానికి పని లేదు. మలుపులో బయటి చక్రం పైకి నొక్కుకుపోయి, లోపలి చక్రం కిందికి జారుతుంది. అప్పుడు ఒక చేయి పైకి, ఒక చేయి కిందికి పోయి కడ్డీ మెలిపడుతుంది. బట్టలు పిండేటప్పుడు ఇద్దరు రెండు కొసలూ పట్టుకుని తిప్పినట్టు. మెలిపడడం ఉక్కుకు ఇష్టం ఉండదు గనుక తిరగబడుతుంది. ఆ తిరుగుబాటే కారు ఒరుగును తగ్గిస్తుంది.

దీని మీద మొదటి పేటెంటు కెనడాలోని ఫ్రెడరిక్టన్ ఊరివాడైన స్టీఫెన్ కోల్‌మన్‌కు 1919 ఏప్రిల్‌లో వచ్చింది. నూరేళ్ళు దాటిన ఊహ. అంతెందుకు, మెలిపడే కడ్డీ మన పెద్దలకూ కొత్తది కాదు. 2014 దాకా ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్ కారుకు ముందు చక్రాల అసలు స్ప్రింగే ఒక పొడుగాటి మెలికడ్డీ. చుట్టల స్ప్రింగు వెతికితే దొరకదు.

మా కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో విమోటన లోలకం ప్రయోగం చేయని వారుండరు. సన్నటి తీగకు బరువైన బిళ్ళను వేలాడదీసి, మెలితిప్పి వదిలి, డోలనాలు లెక్కపెట్టి, తీగ దృఢతా గుణకం కడతాం. మొదటి ఏడాది నేనది చేసినప్పుడు, ఇది బతుకులో ఎక్కడ పనికొస్తుందని నా పార్ట్‌నరు అడిగాడు. కారు కింద పనికొస్తుంది. సూత్రం అదే. తీగ ఎంత మెండికేస్తుందన్నది దాని వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. ఆ ప్రయోగంలో స్క్రూగేజితో తీగ మందం జాగ్రత్తగా కొలవమని లెక్చరరుగారు ఎందుకు కేకలేస్తారో ఇందుకే. కొలతలో నూటికి ఒకటి తప్పితే జవాబులో నూటికి నాలుగు తప్పుతుంది. కడ్డీకీ అంతే. 20 మిల్లీమీటర్ల కడ్డీ తీసి 24 మిల్లీమీటర్లది వేస్తే, కంటికి చిటికెనవేలంత తేడా కూడా కనపడదు. కాని 1.2ను నాలుగుసార్లు హెచ్చవేస్తే 2.07 వస్తుంది. బిగువు రెట్టింపు దాటింది. కనుక అన్న చెప్పింది అబద్ధం కాదు. లావు రాడ్డు వేస్తే కారు నిజంగానే తక్కువ ఒరుగుతుంది.

ఒరుగు తగ్గితే ప్రమాదం కూడా తగ్గుతుందా? నాయిన అడిగిన ప్రశ్న అసలు అది.

నలుగురు కూర్చుంటే మా కారు బరువు సుమారు 1,150 కిలోలు. ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ నడుమ దూరం టేపు పెట్టి చూస్తే 137 సెంటీమీటర్లు వచ్చింది. బరువు కేంద్రం నేలకు 55 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుందాం. 60 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతే, లోపలి చక్రాల మీది బరువులో సుమారు 220 కిలోలు లేచి బయటి చక్రాల మీద పడుతుంది. ఈ లెక్కలో ఉన్నవి బరువు, వేగం, మలుపు, ఎత్తు, వెడల్పు. రాడ్డు లేదు! సన్నది వేసినా, లావుది వేసినా, అసలు పీకి పారేసినా, ఆ 220 కిలోలు ఇంచుమించు అంతే. రాడ్డు చేసేదల్లా ఆ భారాన్ని ముందు జత ఎంత మోయాలి, వెనక జత ఎంత మోయాలి అని వాటా వేయడం, ఒళ్ళు ఎంత ఒరగాలో నిర్ణయించడం.

అదే మలుపులో 40 కిలోమీటర్ల వేగంతో పోతే ఆ 220 కాస్తా 100 కిలోల లోపుకు దిగుతుంది. దానికి రూపాయి ఖర్చు లేదు.

టైరు సంగతి ఇంకా చిత్రమైనది. టైరు మీద బరువు రెట్టింపు చేస్తే దాని పట్టు రెట్టింపు కాదు, కొంచెం తక్కువే పెరుగుతుంది. మా తాత చెప్పే కాడి లెక్క ఇది. కాడికి రెండెద్దులూ సమంగా ఉంటే లాగే బరువును, ఒక ఎద్దు మీద పడేసి రెండోదాన్ని ఊరికే నడిపిస్తే లాగలేవు. కాబట్టి ఏ జత చక్రాల మధ్య బరువు ఎక్కువగా ఒకవైపుకు పోతుందో, ఆ జత మొత్తం పట్టు తగ్గుతుంది. ముందు రాడ్డు లావు చేస్తే ముందు జత పట్టు తగ్గుతుంది. మాది ముందు చక్రాలతో లాగే కారు, ఇంజను కూడా ముందే. ఆ బయటి ముందు టైరు అప్పటికే ఇంటి పెద్దకొడుకులాగా అన్ని బరువులూ మోస్తున్నది. దాని మీద ఇంకా వేస్తే, స్టీరింగు ఎంత తిప్పినా ముక్కు మలుపు బయటికే పోతుంది. మా దారిలో బయట ఉన్నది కాలువ.

సరే, వెనక రాడ్డు లావు చేస్తే? మా కారుకు వెనక రాడ్డే లేదు. కొత్తగా పెడితే ముక్కు చక్కగా తిరుగుతుంది, అది నిజమే. ర్యాలీవాళ్ళు చేసేదీ అట్లాంటిదే. కాని మలుపు నడుమ భయపడి యాక్సిలరేటరు మీద కాలు టక్కున ఎత్తేస్తే తోక జారే అవకాశం పెరుగుతుంది. వాళ్ళు దాన్ని వాడుకుని మలుపు కొడతారు. అమ్మను ఆసుపత్రికి తీసుకపోయేవాడికి ఆ విద్య ఎందుకు? పైగా మా రోడ్లమీద గుంతలు రెండు చక్రాలకూ ఒకేసారి రావు, ఒక్కదానికే వస్తాయి. ఒక చక్రం గుంతలో పడ్డప్పుడు లావు రాడ్డు రెండో చక్రాన్ని కూడా గుంజుతుంది. కూర్చున్నవారి తలలు అటూ ఇటూ కొట్టుకుంటాయి. నడుమునొప్పి మనిషికి ఇది మందు కాదు.

ఇదంతా నేను అరుగు మీద కూర్చుని చెబుతుంటే అన్న ఊరుకోలేదు. "మరి గా రాత్రి ఏమైంది? నేను స్టీరింగు తిప్పిన, కారు ఆలస్యంగ తిరిగింది. ఒరిగినంకనే తిరిగింది. నువ్వు కాయితం మీద మలుపు సూస్తున్నవ్. అది మలుపు గాదు తమ్మీ, కుప్ప తప్పిచ్చుడు."

అతని మాటలో బలం ఉంది. నా లెక్కంతా నిలకడగా సాగే మలుపుకు. కుడికి కోసి ఎడమకు కోసినప్పుడు ఒరుగు ఒక వైపు నుంచి రెండోవైపుకు ఊగుతుంది. ఆ ఊపు తోడై కారును ఇంకా తోస్తుంది. లోకంలో దీనికి పేరుపడ్డ పరీక్షే ఉంది. స్వీడన్ దేశంలో రాత్రిపూట మూస్ అనే పెద్ద దుప్పి హఠాత్తుగా రోడ్డు మీదికి వస్తుంది. దాన్ని తప్పించినట్టు కారును కోసి చూస్తారు. 1997 అక్టోబరులో మెర్సిడెస్ వారి కొత్త ఏ-క్లాస్ కారు ఆ పరీక్షలో పల్టీ కొట్టింది. అంత పెద్ద కంపెనీ అమ్మిన కార్లను వెనక్కి పిలిచి, సస్పెన్షను సవరించి, జారుడును పసిగట్టి ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసే ఎలక్ట్రానిక్ ఏర్పాటును అన్నిటికీ పెట్టింది. వాళ్ళకు దుప్పి, మనకు వడ్లకుప్ప. అన్న చెప్పిన ఆలస్యం ఉన్నదే, లావు రాడ్డు దాన్ని తగ్గిస్తుంది కూడా. ఒప్పుకున్నాను. కాని ఆలస్యం రాడ్డు సన్నగా ఉన్నందుకేనా అన్నది చూడాలి గదా. ఇరవై ఏళ్ళ బండి. కొత్తప్పుడు అది ఇట్లాగే ఒరిగిందా?

ఇక్కడే ఒక ముచ్చట చెప్పి ముందుకు పోతాను. ఫ్రాన్సులో సిత్రోయెన్ కంపెనీ రైతుల కోసం ఒక కారు చేసింది, పేరు టూ సీవీ. 1948లో పారిస్ ప్రదర్శనలో పెట్టారు. కోడిగుడ్ల గంప పెట్టుకుని దున్నిన చేలో పోతే గుడ్డు పగలకూడదని దానికి షరతు. స్ప్రింగులు అంత మెత్తన. మలుపులో ఆ కారు పడవలాగా ఒరుగుతుంది, చూసేవారికి గుండె ఆగుతుంది. అయినా అది రోడ్డును పట్టుకునే పోయేది, ఎందుకంటే బరువు కిందికి ఉంది, టైర్లు నేలను వదలవు. లక్షల మంది దాన్ని నలభై ఏళ్ళకు పైగా తోలారు. ఒరుగు వేరు, పట్టు వేరు అనడానికి నాకు దొరికిన సాక్షుల్లో నాకు ఇష్టమైనది ఇదే. బహుశా రైతు బండి కావడం వల్లనేమో.

అన్న దగ్గర ఇంకో ఉపాయం కూడా ఉంది. మిర్యాలగూడలో లేతు దగ్గర ఇనుప కడ్డీ కొని వంచి చేయిస్తే 3,000 రూపాయలలో పోతుందని. ఇది మాత్రం నేను గట్టిగా వద్దన్నాను. ఉక్కులో ఒక చిత్రం ఉంది. మామూలు ఇనుప కడ్డీకీ, స్ప్రింగు ఉక్కుకూ దృఢతా గుణకం దాదాపు ఒకటే, చదరపు మీటరుకు సుమారు 8 వేల కోట్ల న్యూటన్లు. అంటే ఒకే లావున్న రెండూ మొదట్లో ఒకే బిగువు చూపిస్తాయి. బిగించిన రోజు ఎవరికీ తేడా తెలియదు. తేడా ఎక్కడంటే, ఎంతదాకా మెలిపడి తిరిగి యథాస్థితికి రాగలదు అన్న దగ్గర. మామూలు కడ్డీ తొందరగా లొంగి, మెలిపడ్డ చోటే ఉండిపోతుంది. స్ప్రింగు ఉక్కు దానికి నాలుగింతలైనా తట్టుకుంటుంది. పోనీ స్ప్రింగు ఉక్కే తెచ్చి గ్యాసుతో ఎర్రగా కాల్చి వంచితే, వంచిన చోట పదును పోతుంది. వెల్డింగు పెడితే అంచున పగులు మొదలవుతుంది. వేలసార్లు మెలిపడి, ఒకరోజు మలుపులోనే విరుగుతుంది, ఎందుకంటే మలుపులోనే దాని మీద భారం పడేది. దీనికి తోడు చట్టం ఒకటుంది. రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు మారేట్టుగా, తయారీదారు నిర్ణయించినదానికి భిన్నంగా బండిని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. రాడ్డు పత్రంలోకి ఎక్కదు కావచ్చు. కాని రేపు ఏదైనా అయితే ఇన్సూరెన్సువాడు అడిగే ప్రశ్నలకు లేతు రశీదు జవాబు కాదు.

నాయిన చివరికి తీర్పు చెప్పాడు: "ముందుగాల ఉన్నదాన్ని సూడున్రి."

మరునాడు ముగ్గురం షెడ్డుకు పోయి కారును పైకెత్తించాం. మేస్త్రీ లైటు పెట్టి లోపలికి వంగి, రాడ్డును చేత్తో పట్టుకుని ఊపాడు. గడియ వదులైన తలుపులాగా లడలడమన్నది. నడిమి బుష్‌ల రబ్బరు ఎండి, పగిలి, ఒకవైపుది సగమే మిగిలింది. కొస బుష్‌లు గుండ్రంగా ఉండవలసినవి కోడిగుడ్డు ఆకారంలో ఉన్నాయి. అంటే కారు కొంత ఒరిగి, ఆ వదులంతా నిండిన తర్వాతగాని రాడ్డుకు కబురు అందడం లేదు. ఉన్న రాడ్డే పని చేయకుండా ఉంటే లావు రాడ్డు ఏం చేస్తుంది? వెనక షాకబ్జర్లలో ఒకటి నూనె కారుతున్నది. ఒక మాట: షాకబ్జరు నిలకడ మలుపులో ఒరుగును తగ్గించదు, అది ఊపును మాత్రమే అణుస్తుంది. కాని కుప్ప తప్పించినప్పుడు కారును ఊపిందీ ఆ ఊపే.

టైర్లు చూస్తే ఇంకా ఘోరం. టైరు పక్కన గుడ్డులాంటి గీతలో నాలుగంకెలు ఉంటాయి, చాలామంది చూడరు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. మా వాటి మీద 2316 అని ఉంది. అంటే 2016లో ఇరవైమూడో వారం. గాడులు ఇంకా ఉన్నాయి గనుక టైర్లు బాగున్నాయనే అన్న అనుకుంటున్నాడు. రబ్బరు గోరు గుచ్చితే దిగడం లేదు, ఎండిన తోలులాగా ఉంది. వడ్లగింజల మీద ఆ టైర్లు బంతుల మీద పలకలే.

బుష్‌లకూ లింకులకూ కూలీతో కలిపి 1,400 అయింది. నాలుగు టైర్లు 12,400. వెనక షాకబ్జర్ల జత 3,200. అంతా కలిపి 17,000. రాడ్డు ఖర్చుకు వెయ్యి తక్కువ! "ఏదైతెనేం, పైసలు పోనె పాయె" అని నాయిన నవ్వాడు. ఎక్కడి డబ్బో అడగకండి. వానాకాలం యూరియాకు ఆ ఏడు మా పెదనాయిన అప్పిచ్చాడు.

నేను మాత్రం లెక్క తేలకుండా వదలదలచుకోలేదు. ఊరి బయట ప్లాట్లు చేసి రాళ్ళు పాతి, ఎవరూ కొనక ఊరకుండిన చదును నేల ఒకటి ఉంది. ఒకప్పుడు మంచి వేరుశనగ పండిన చెలక. అక్కడ గూటం పాతి, తాడు కట్టి, ముగ్గుతో 15 మీటర్ల వ్యాసార్ధపు వలయం గీశాం. కారు లోపల అద్దం దగ్గర నుంచి తాపీమేస్త్రీ తూకపు గుండు వేలాడదీసి, వెనక నా పదో తరగతి కోణమాని అట్టమీద అతికించి, ఫోనుతో వీడియో తీశాం. స్పీడోమీటరును నమ్మలేదు. ఒక చుట్టుకు 13.6 సెకన్లు పడేట్టు అన్న తోలాలి. అప్పుడు వేగం గంటకు 25 కిలోమీటర్లు. ఆ వేగానికి, ఆ వలయానికి, కారు ఏమాత్రం ఒరగకపోయినా గుండు 18 డిగ్రీలు పక్కకు జరగాలి. అంతకు మించి ఎంత జరిగితే అంత కారు ఒరుగు. బుష్‌లు మార్చకముందు 23 డిగ్రీల దగ్గర ఊగింది. మార్చిన తర్వాత 22 దగ్గర నిలిచింది. నా కోణమాని కొలతలో అర డిగ్రీ అటూ ఇటూ ఉంటుంది గనుక, ఒరుగు అయిదు నుంచి నాలుగుకు వచ్చిందని గట్టిగా అనను. తగ్గిందని అంటాను. అన్నను అడిగితే డిగ్రీలు చెప్పలేదు. "స్టీరింగు తిప్పంగనే తిరుగుతున్నది" అన్నాడు. నా కొలతకంటే అది మెరుగైన కొలతే.

మూడో రోజు అమ్మ గడ్డపెరుగు, మామిడికాయ తొక్కు పెట్టిన సద్ది తెచ్చి, ముగ్గు వలయం పక్కన రాయి మీద కూర్చుని మా చుట్లు చూసింది. "గానుగెద్దు లెక్క ఏం తిరుగుతున్రురా" అని నవ్వింది. కాసేపటికి తనే లేచి వచ్చి వెనక తలుపు తీసింది. మేమెవరం పిలవలేదు. ఒక చుట్టు తిరిగాక "ఇంకొంచెం మెల్లగ" అన్నది. అన్న 16 సెకన్ల చుట్టుకు తగ్గించాడు. గుండు 16 దగ్గరికి దిగింది. అమ్మ దానివైపే చూస్తూ, "గది గంతకన్న ఎక్కువ పక్కకు పోవద్దు" అని వేలుతో అద్దం మీద చూపించింది. విమోటన లోలకం, దృఢతా గుణకం ఏమీ చదవని మనిషి మా ప్రయోగం నుంచి తనకు కావలసింది తను తీసుకుంది.

ఆ తూకపు గుండు ఇప్పటికీ కారులోనే ఉంది. హైదరాబాదు పోయే రోజు అమ్మ ముందు సీట్లో కూర్చుని దానిమీద ఒక కన్నేసి ఉంచుతుంది. అది అద్దం మీది బొట్టుబిళ్ళ దాటితే అన్నకు తిట్లు పడతాయి. ఆమె పెట్టిన షరతులు ఇంకా రెండున్నాయి. పొద్దు గూకకముందే కాలువ కట్ట దాటాలి. చుట్టాలకని డిక్కీలో రెండు బియ్యం బస్తాలు వేయకూడదు. ఆ రెండో షరతుకు కారణం నేను చెప్పగలను గాని ఆమె నన్ను అడగలేదు.

అన్న మనసులో వెనక రాడ్డు ఇంకా ఉంది. మొన్న దసరాకు పోయినప్పుడు కూడా ఎత్తాడు: సన్నదైనా సరే, కంపెనీలో వంచి పదును పెట్టినదైతే ఏమంటవ్ అని. ఆలోచించవలసిన మాటే, కాదనలేదు. దాన్ని ఎక్కడ బిగిస్తారో, అక్కడి రేకు ఆ మెలిని మోస్తుందో లేదో చూడాలన్నాను. నాయిన మాత్రం వడ్లు కాంటా అయి పైసలు పడ్డాక అడగమన్నాడు.